టపా పరుగు – ట్రెడ్‌మిల్లు పరుగు



నేను పాలువంచకును భద్రాచలమునకును నడుమ అడవి యంచున నున్న పాఠశాలలలో ముప్పది సంవత్సరములు డ్రిల్లు మాస్టరుగా పనిచేసినవాడను. చరిత్ర నేను ఉద్యోగరీత్యా చెప్పిన పాఠము కాదు. కాని పిల్లలను పరుగెత్తించువానికి ఈ పరుగు విద్య యెక్కడనుండి వచ్చినదను సందేహము కలుగక మానదు. దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిన అవసరము ఇటీవల మా యింటిలోనే కలిగినది.

సంక్రాంతి పండుగకు మా తమ్ముని మనుమడు ఖమ్మమునుండి వచ్చెను. వాడు పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకై అక్కడ గది తీసికొని చదువుచున్నాడు. ఈ ఉద్యోగమునకు చదువొక్కటే చాలదు. తెలంగాణలో 2022వ సంవత్సరపు నియామకములందు మగవారు 1600 మీటర్లు 7 నిమిషముల 15 సెకండ్లలోను, ఆడువారు 800 మీటర్లు 5 నిమిషముల 20 సెకండ్లలోను పరుగెత్తవలెనని నియమము చేసిరి. ఒక్క సెకండు మించినను ఆ యేటికి ఇంటికి రావలసినదే. మావాడు చేరిన వ్యాయామశాలలో ట్రెడ్‌మిల్లు అను యంత్రము కలదట. చూడనివారికి చెప్పెదను. సింగరేణి గనులలో బొగ్గును మోసికొనిపోవు బెల్టువంటి పట్టా యొకటి రెండు రోలర్లమీద తిరుగుచుండును. మనిషి దానిపై నిలిచి, అది వెనుకకు పోవు వేగముననే ముందునకు పరుగెత్తవలెను. ఎంత పరుగెత్తినను గదిలో నున్నచోటనే యుండును.

"తాతా! గంటకు 13.2 కిలోమీటర్ల వేగము పెట్టి ఏడుంబావు నిమిషములు ఆగకుండ పరుగెత్తినాను. పరీక్ష గట్టెక్కినట్లే" అని వాడు చెప్పెను. లెక్క సరియైనదే. 1600 మీటర్లను 435 సెకండ్లతో భాగించిన వచ్చు వేగము అదియే. అయినను కనుమ మఱునాడు తెల్లవాఱుజామున వానిని మా చెఱువు కట్టమీదికి తీసికొనిపోయి, తాటితో కొలిచి 400 మీటర్లకు రెండు రాళ్లు పాతి, నా పాత గడియారము చేతబట్టి పరుగెత్తుమంటిని. మొదటి 400 మీటర్లు 82 సెకండ్లలో పోయినాడు. రెండవది 108. మూడవది 135. నాలుగవదానికి 147 సెకండ్లు పట్టినవి. మొత్తము 7 నిమిషముల 52 సెకండ్లు. కట్టమీద కూలబడి, ఊపిరి తిరిగిన పిమ్మట వాడనిన మాట నాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది. "అక్కడ పట్టా తనంతట తాను నడచును తాతా. ఇక్కడ నేనే నడపవలసి వచ్చినది."

ఈ మాటలో సగము నిజమును, సగము భ్రమయు గలవు. అవి రెండును తేలవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

మన అడవులలో పరుగును బ్రతుకుతెరువుగా చేసికొన్నవాడు టపా రన్నరు. రైలుమార్గము 1889వ సంవత్సరమున బెజవాడ చేరినది. ఆ దారిలోని ఖమ్మము మొదలగు ఊళ్లకు ఉత్తరములు బండిలోనే వచ్చెను. కాని రైలు లేని అడవి వైపునకు మాత్రము సంచి భుజమున వేసికొని, ఈటెకు గంటలు కట్టికొని పరుగెత్తు మనిషియే దిక్కు. గంటల చప్పుడు రెండు పనులు చేసెడిది. పులిని, ఎలుగుబంటిని తొలగుమని హెచ్చరించెడిది. ముందరి మజిలీలో కూర్చున్నవానిని లేచి నడుము బిగించుకొమ్మని చెప్పెడిది. ఒకడే మనిషి దారి పొడుగునను పోడు. కొన్ని మైళ్లు తన బలమంతయు పెట్టి పోయి, సంచిని మఱియొకని కిచ్చి విశ్రమించును. ఇచ్చట ఇంకొక వింత కూడ నుండెడిది. గోదావరికి ఈవలి ఒడ్డున బూర్గంపహాడు నైజాము రాజ్యము. ఆవలి ఒడ్డున భద్రాచలము 1874నుండి మదరాసు రాజధానిలోనిది. నైజాము ప్రభువులు 1869నుండి తమ తపాలాబిళ్లలు తామే వేసికొనిరి. ఒక్క నదికి రెండు ఒడ్డుల రెండు తపాలాలన్నమాట. నైజాము తపాలా 1950లో భారత ప్రభుత్వపు తపాలాలో కలిసిపోయెను. తపాలా అనగా సర్కారువారిది మాత్రమే కాదు. మన్యమున అల్లూరి సీతారామరాజు 1922లో పోలీసు ఠాణాలకు ముందుగా తెలిపి మఱి దాడి చేసెడివాడనియు, ఆ తాఖీదును జనులు "మిరపకాయ టపా" యనిరనియు మీరు వినియే యుందురు.

ఈ గంటల పరుగు ఆంగ్లేయులు తెచ్చినది కాదు. మొరాకో దేశపు యాత్రికుడు ఇబ్న్ బతూతా 1333వ సంవత్సర ప్రాంతమున మన దేశమునకు వచ్చి, ఢిల్లీ సుల్తాను మహమ్మదు బిన్ తుగ్లకు కొలువున నుండెను. అతడు వ్రాసిన దానినిబట్టి నాటి కాలిటపాకు మైలులో మూడవ వంతునకు ఒక మజిలీ యుండెను. అచ్చట మనుష్యులు నడుము కట్టుకొని సిద్ధముగా కూర్చుండెడివారు. ఒక్కొక్కనికి రెండు మూరల కఱ్ఱ. దాని కొసను రాగి గంటలు. ఒక చేత ఉత్తరము, ఒక చేత కఱ్ఱ పట్టుకొని వాడు ప్రాణమంతయు పెట్టి పరుగెత్తును. గంటలు విని రెండవవాడు లేచి నిలుచును. ఈ కాలిటపా గుఱ్ఱపు టపాకంటె వేగముగా పోయెడిదని యాతడు స్పష్టముగా వ్రాసెను. గుఱ్ఱము కంటె మనిషి వేగవంతుడా యని మీరు నవ్వవచ్చును. ఒక గుఱ్ఱముతో ఒక మనిషి పందెము వేసిన ఓడును. కాని గుఱ్ఱపు మజిలీ నాలుగేసి మైళ్లు. మనిషి మజిలీ మైలులో మూడవ వంతు. ఆ కొలది దూరమున వాని వేగము తగ్గుటకు వ్యవధియే యుండదు. అలసట రాకముందే సంచి చేతులు మాఱును. రహస్యమంతయు ఆ మజిలీ కొలతలోనే యున్నది.

ఈ గొలుసు తెగిన ఏమగునో మన ఓరుగల్లే చూచినది. 1321వ సంవత్సరమున గియాసుద్దీను తుగ్లకు తన కుమారుడు ఉలుగు ఖానును ప్రతాపరుద్రునిపై పంపెను. పిమ్మట మహమ్మదు బిన్ తుగ్లకైనవాడు ఈతడే. ఓరుగల్లు ముట్టడి నెలల తరబడి సాగెను. ఢిల్లీనుండి సేన యొద్దకు టపా వారమునకు రెండు మూడు మాఱులు వచ్చుచుండెను. నడుమ దారిలో కొన్ని మజిలీలు చెడిపోయి, నెలదినములకు పైగా ఉత్తరము రాలేదు. అంతట ఉబైదు అను కవియు మఱికొందఱును సుల్తాను మరణించెనని వదంతి పుట్టించిరి. ఇంకొక్క అడుగులో కోట పడునని యనుకొనిన సేన చీలిపోయినది. సర్దారులు ఎవరి దారిని వారు పోయిరి. ఉలుగు ఖాను దేవగిరికి మరలిపోవలసి వచ్చెను. ఇది బరనీ అను చరిత్రకారుడు చెప్పిన విధము. ఇబ్న్ బతూతా మాత్రము ఆ వదంతిని రాకుమారుడే పుట్టింపజేసెనని వ్రాసినాడు. ఇందులో నాకు బరనీ మాటయే నమ్మదగినదిగా తోచును. చేతికందిన కోటను వదలుకొను కుట్ర ఎవడు చేయును? 1323లో ఆ సేనయే మరలి వచ్చి కోట పట్టుకొన్నది గాని, ఆ నడుమ దొరకిన వ్యవధి పరుగెత్తు కూలివాండ్రు రాకపోవుటవలన దొరకినదే. ఈ సంగతి మన పాఠ్యపుస్తకములలో పిల్లలకు చెప్పినట్లు నేను చూడలేదు.

ఇక రెండవ దాని పుట్టుక చూతము. కదలక నడచుట మనకు తెలియని పని కాదు. ఏతము త్రొక్కుట చూచినవారు మీలో చాలమంది యుందురు. దూలముమీద మనిషి ముందునకు వెనుకకు నడచుచుండగా బాన దిగి నీరు తెచ్చును. ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు నడచినను వాడు ఆ బావిని దాటడు. కాని వాని నడకకు మడి పాఱును. ఇంగ్లండు దేశమున విలియం కబిట్టు అను ఇంజనీరు 1818లో చెఱసాలల కొఱకు పెద్ద మెట్ల చక్రము కల్పించెను. ఖైదీలు వరుసగా నిలిచి మెట్టు త్రొక్కుదురు. మెట్టు క్రిందికి పోవును. మఱియొక మెట్టు పైకి వచ్చును. "త్రొక్కుడు మిల్లు" అని యర్థమిచ్చు ఇంగ్లీషు మాట దానికే పెట్టిరి. నేటి వ్యాయామశాల యంత్రమునకు ఆ పేరే నిలిచినది. 1821లో లండనులోని బ్రిక్స్‌టన్ చెఱసాలలో దీనిని పెట్టిన పిమ్మట ఇది దేశమంతట వ్యాపించెను. కొన్ని చోట్ల అది పిండి విసరినది, నీరు తోడినది. కొన్ని చోట్ల ఏమియు చేయలేదు. గాలిని మాత్రము విసరినది. ఏతమునకును దీనికిని భేదము ఇదియే. ప్రయోజనము లేని శ్రమయే శిక్ష యని దొరలు కనుగొనిరి. అండమానులో సెల్యులరు జైలునందు మన దేశభక్తులను గానుగకు కట్టి నూనె తీయించినది గూడ ఆ జాతి బుద్ధియే. ఇంగ్లండులో 1898వ సంవత్సరపు చట్టముతో ఈ చక్రమునకు కాలము చెల్లినది.

అట్టి శిక్షాయంత్రము వైద్యుని చేతికి వచ్చి సాధువైనది. అమెరికాలో సియాటిల్ నగరమున రాబర్టు బ్రూసు అను వైద్యుడు 1950 దాటిన పిమ్మట రోగిని కదలు పట్టాపై నడిపించి, గుండె నడకను కాగితముమీద వ్రాయించు పద్ధతిని పెంపొందించెను. మూడేసి నిమిషములకు ఒకమాఱు వేగమును ఎత్తును పెంచు ఆయన పద్ధతి 1963నాటికి స్థిరపడినది. ఆసుపత్రిలో "టీ.ఎం.టీ." చేయించుకొని వచ్చితిమని మీలో చెప్పువారు ఆ పట్టామీద నడచినవారే. అటుపిమ్మట అది యిండ్లలోనికి, వ్యాయామశాలలలోనికి వచ్చెను.

ఇక మావాని మాటకు వత్తును. పట్టా కాలిని వెనుకకు లాగును గావున శ్రమ తక్కువ యని చాలమంది అనుకొందురు. ఇది భ్రమ. పరుగెత్తు రైలుబండిలో నడవ వెంబడి నడచుటకును, నేలమీద నడచుటకును కాళ్లకు భేదము తెలియదు గదా. పట్టా ఒకే వేగమున పోవుచుండగా దానిపై పరుగు కూడ అట్టిదే. లోపించునది గాలి. ఆరుబయట మనము గాలిని చీల్చుకొని పోవలెను. వేగము పెరిగినకొలది ఆ యడ్డు ఇంకను హెచ్చుగా పెరుగును. ఇంగ్లండులో జోన్సు, డౌస్టు అను ఇరువురు 1996లో పరీక్షించి, పట్టాను నూటికి ఒక వంతు ఎత్తుగా పెట్టిన బయటి పరుగు శ్రమకు సరిపోవునని తేల్చిరి. ఇది చుఱుకైన పరుగునకు చెప్పిన మాట. మెల్లని పరుగునకు ఆ ఎత్తుతో పనియే లేదు. మావాడు ఆ యొక్క వంతు పెట్టలేదు. అది కొన్ని సెకండ్ల భేదమే గాని 37 సెకండ్ల భేదము కాదు.

వాడు చెప్పిన సగము నిజము మఱియొకటి. వేగమును యంత్రము పట్టి యుంచినది, వాడు పట్టలేదు. మొదటి 400 మీటర్లు 109 సెకండ్లలో పోవలసినవాడు 82లో పోయినాడు. అడవి దారిన టపా మోసినవాడు తన మజిలీ పొడుగెంతయో, దానికి ఎంత ఊపిరి ఖర్చు చేయవచ్చునో లోపలనే లెక్క కట్టుకొని యుండవలెను. ఆ లెక్క పట్టామీద అబ్బదు. ఎదురుగాలి, కంకర, కట్ట చివర వెనుకకు తిరుగుట, ఇవి కూడ అబ్బవు.

అందుచేత నేను వానికి విరామపు పరుగు నేర్పితిని. ఇదియు ఒక చరిత్ర గలదియే. జర్మనీలో గెర్ష్లరు అను శిక్షకుడును, రైండెలు అను వైద్యుడును 1930 దాటిన కాలమున దీనిని లెక్కలోనికి తెచ్చిరి. గుండె నిమిషమునకు 180 మాఱులు కొట్టుకొను వఱకు పరుగు, అది 120కి దిగువఱకు విరామము, మఱల పరుగు. గెర్ష్లరు శిష్యుడు రూడాల్ఫు హార్బిగు 1939లో మిలాను నగరమున 800 మీటర్లు 1 నిమిషము 46.6 సెకండ్లలో పరుగెత్తెను. ఆ ఘనతను 1955 వఱకు ఎవరును దాటలేదు. చెకోస్లోవేకియా సిపాయి ఎమిలు జాటోపెకు 400 మీటర్లను మధ్యమధ్య మెల్లగా పోవుచు పదుల కొలది మాఱులు పరుగెత్తి, 1952 హెల్సింకీ ఒలింపిక్సులో 5000 మీటర్లు, 10000 మీటర్లు, మారథాను మూడింటను బంగారు పతకములు గొనెను.

విరామమునకు అంత బలమెట్లు వచ్చెను? ఇందుకు చక్కని సాక్ష్యమిచ్చినది ట్రెడ్‌మిల్లే యగుట విశేషము. 1960లో స్వీడను శాస్త్రజ్ఞులు ఒక మనిషిని గంటకు 20 కిలోమీటర్ల వేగమున పట్టామీద పరుగెత్తించిరి. ఎడతెగక పరుగెత్తిననాడు నాలుగు నిమిషములకే సొమ్మసిల్లెను; పోయిన దూరము 1.3 కిలోమీటర్లు. అదే మనిషి, అదే వేగము. పది సెకండ్లు పరుగు, అయిదు సెకండ్లు విరామము చొప్పున ముప్పది నిమిషములు సాగించి, సుమారు 6.7 కిలోమీటర్లు పోగలిగెను. తుగ్లకు కాలమున మజిలీకి మజిలీకి మనిషి మాఱెను. ఇక్కడ మనిషి వాడే, వానిలో ఊపిరి మాఱును. రెండును ఒకటే యనుట సరికాదు గాని, అలసట ముదరకముందే ఆపుటలో నున్న తెలివి ఒక్కటే.

మావానికి పెట్టిన పని యిది. వారమునకు రెండు దినములు కట్టమీద 400 మీటర్లు ఆఱు మాఱులు, ఒక్కొక్కటి 104 సెకండ్లకు తగ్గక, 108కి మించక. నడుమ రెండు నిమిషములు నడక. వేగముగా పోయినందుకే నేను మందలించితిని. మిగిలిన దినములలో మెల్లని పరుగు. ఒకనాడు పూర్తిగా విశ్రాంతి. మొదటి వారము వాడు గడియారమును చూచి పరుగెత్తెను. మూడవ వారమునకు చూడకయే 106 అని చెప్పగలిగెను. శివరాత్రి మఱునాడు 1600 మీటర్లు 7 నిమిషముల 6 సెకండ్లలో ముగించినాడు. ఖమ్మము పోయిన దినములలో ట్రెడ్‌మిల్లు వాడుకొనుమంటిని. కాని చిన్న చిన్న విరామపు పరుగులు దానిపై వలదంటిని. పట్టా వేగము అందుకొనుటకే కొన్ని సెకండ్లు పట్టును; తొందరపడి ప్రక్కకు దుమికి, మఱల ఎక్కబోయి పడినవారు కలరు. మూడు నాలుగు నిమిషముల పొడవైన పరుగులకు మాత్రము అది చక్కగా పనికివచ్చును. ఫంకా లేని గదిలో దానినెక్కరాదు. మనిషి కదలనందున గాలి ఒంటికి తగలదు, చెమట ఆఱదు, ఒడలు కాగిపోవును.

ఇంతవఱకు విని, యంత్రము పనికిమాలినదని మీరు తీర్మానింపకుడు. నేను గూడ మొదట అట్లే యంటిని. నా నోరు మూయించినది వాని చెల్లెలు. ఆమె భద్రాచలమున హాస్టలులో నుండి ఈ పరీక్షకే చదువుచున్నది. ఆమెకు కావలసినది గంటకు 9 కిలోమీటర్ల వేగము, అది సాధ్యమే. కాని "అన్నకు కట్ట యున్నది తాతా. నాకు తెల్లవాఱుజామున నాలుగింటికి దారి ఏది?" అని యడిగెను. వేసవిలో మన ప్రాంతమున 45 డిగ్రీలు దాటు దినములు తఱచు. ఏడు గంటలకే ఎండ మాడ్చును గావున పరుగెత్తవలసినది చీకటిలోనే. ఇప్పపూవు రాలు కాలమున అడవి దారిలో ఎలుగుబంట్లు పూలకై వచ్చును, రహదారిమీద లారీలు. ఆడపిల్లను ఒంటరిగా పంపుటకు నేనే ఒప్పుకొనలేదు. అట్టి పిల్లకు మూసిన గదిలో ఒక పట్టా దొరకిన, అది శిక్ష కాదు, స్వేచ్ఛయే. ఆమె అక్కడ ఒక వ్యాయామశాలలో నెలకు రుసుము కట్టి, ఆడువారికి కేటాయించిన వేళలో వారమునకు మూడు దినములు పట్టామీద ఒక వంతు ఎత్తున పరుగెత్తుచున్నది. ఆదివారము మా యింటికి వచ్చి కట్టమీద గడియారముతో పరుగెత్తుచున్నది. ఈ యేర్పాటు అన్న పొందిన దానికంటె మెఱుగని ఇప్పుడు నాకు తోచుచున్నది. ఎందుకనగా ఆమె మొదటి దినముననే రెండింటిని ఎఱిగి మొదలుపెట్టినది.

ఆదివారములలో నేను కట్ట కీవలి రాయి యొద్ద నిలుతును. వాండ్ల అన్న పొడవాటి వెదురుకఱ్ఱకు మా ఎద్దుల మువ్వలు కట్టి చేతబట్టుకొని, ఎలుగుబంటి భయమునకై ఆమె వెంట మ్రోగించుచు పరుగెత్తును. పొగమంచులో వాండ్లు కనబడరు. మువ్వల చప్పుడు మాత్రము దగ్గఱకు వచ్చును. నేను గడియారము సవరించుకొని సిద్ధముగా నుందును. మొన్నటి ఆదివారము ఆమె 800 మీటర్లకు 5 నిమిషముల 31 సెకండ్లు పట్టినది. ఇంకను 11 సెకండ్లు తగ్గవలెను.